ప్రతివాది చంద్రశేఖర్

గద్వాల కోర్టు రోడ్డులో జిరాక్సు షాపు పక్కనున్న మెట్లెక్కితే 'చంద్రశేఖర్ అండ్ అసోసియేట్స్, న్యాయవాదులు' అన్న బోర్డు ఎదురవుతుంది. ఆ బోర్డు రాయించిన రోజున అసోసియేట్లు ఎవరూ లేరు. ఒక్క పేరే అయితే బోర్డు సగం బోసిపోతుందని పెయింటరు అన్నాడు. చంద్రశేఖర్‌కు ఆ మాట సబబుగా తోచింది. తర్వాత కొన్నేళ్లకు శ్రీవాణి అనే అమ్మాయి జూనియరుగా చేరి బోర్డు పరువు నిలబెట్టింది. గుమాస్తా ఆశన్న మాత్రం మొదటినుంచీ ఉన్నాడు. కాకపోతే తాను అసోసియేట్ల లెక్కలోకి వస్తానో రానో ఆయన ఎప్పుడూ అడగలేదు.

చంద్రశేఖర్ పనికిరాని వకీలు కాడు. చట్టం తెలుసు, గొంతుంది, జడ్జి ముందు ఎక్కడ ఆపాలో కూడా తెలుసు. ఆయన చిరాకంతా క్లయింట్లతోనే. క్లయింట్లు రాకుండా కేసులు మాత్రమే వచ్చే ఏర్పాటేదైనా ఉంటే వకీలు పనంత సుఖమైన పని లోకంలో ఉండదని బార్ అసోసియేషన్ క్యాంటీనులో అంటుండేవాడు. వాళ్లను దావా ఎప్పుడు వేశారని అడిగితే తాతల పెళ్లి దగ్గర మొదలుపెడతారు. నిన్న చెప్పిందే ఇవాళ మళ్లీ అడుగుతారు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే సమయానికే సరిగ్గా ఫోన్ చేస్తారు. అందుకని ఆయన దగ్గర తయారుగా కొన్ని జవాబులుండేవి. ఎప్పుడు తేలుతుందంటే 'అయితది'. ఏమవుతుందంటే 'నేను చూసుకుంట కద'. ఎక్కడున్నారంటే 'కోర్టులో ఉన్న'. ఈ చివరి జవాబు ఆయన మిర్చి బజ్జీ నములుతూ కూడా తడుముకోకుండా చెప్పగలిగేవాడు.

శ్రీవాణి చేరిన కొత్తలో ఒక సలహా ఇచ్చింది.

"సార్, వాయిదా అయిపోయినంక క్లయింటుకు మనమే ఫోన్ జేసి ఏమైందో చెప్తే మంచిగుంటది."

"ఏమైతది? మళ్ల వాయిదా పడ్తది. దాంట్ల చెప్పేదేముంది?"

"పడ్డదనే చెప్దాం సార్. పాపం వాళ్లకు తెల్వదు కద."

"ఇది వకీలాఫీసమ్మా, హోటల్ గాదు. తిన్నది ఎట్లుందని అడుగుడు మన పని గాదు" అన్నాడు చంద్రశేఖర్. ఆ జవాబు ఆయనకే బాగా నచ్చి, సాయంత్రం క్యాంటీనులో ఇంకోసారి చెప్పాడు.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం కోర్టు అమీను సమన్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. చంద్రశేఖర్ తల ఎత్తకుండానే "ఎవరికి?" అన్నాడు.

"మీకే సార్."

"నా క్లయింట్లల్ల ఎవరికి అని అడుగుతున్న."

"క్లయింటుకు గాదు సార్. మీకే. ప్రతివాది మీరే."

ఆశన్న దగ్గాడు. శ్రీవాణి ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చంద్రశేఖర్ కాగితం అందుకుని చదివాడు. ఉప్పునుంతలలో ఆయన తండ్రి నుంచి వచ్చిన కొంత మెట్ట పొలం ఉంది. కురుమయ్య అనే రైతు చాలాకాలంగా దాన్ని కౌలుకు చేస్తున్నాడు. పక్క పొలం మల్లేశ్‌ది. మల్లేశ్, చంద్రశేఖర్ చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. ఇప్పుడా మల్లేశ్, హద్దురాయి జరిపి తన పొలంలోకి వచ్చారని, ఇకముందు రాకుండా ఆపాలని నాగర్‌కర్నూల్ కోర్టులో దావా వేశాడు. 'ప్రతివాది పలుకుబడి గల న్యాయవాది అయినందున' అని దావాలో ఒక వాక్యం ఉంది. చంద్రశేఖర్ కోపంగా చదువుతున్నవాడల్లా అక్కడ ఆగి, ఆ వాక్యాన్ని రెండోసారి చదివాడు. తర్వాత శ్రీవాణికి కూడా చదివి వినిపించాడు.

సొంత కేసులో నల్లకోటు వేసుకుని నిలబడితే బాగుండదు. అందుకని నాగర్‌కర్నూల్‌లో మంచి పేరున్న వంశీధర్ అనే వకీలును పెట్టుకుందామనుకున్నాడు. వంశీధర్ ఆయనకంటే చాలా చిన్నవాడు. సాటి వకీలు, పైగా సీనియరు వస్తున్నాడంటే గుమ్మం దాకా ఎదురొస్తాడని చంద్రశేఖర్ ధీమా. వనపర్తిలో కారాపి చాయ్ తాగుతూ, మరీ మర్యాదలు చేస్తే ఎలా వారించాలో కూడా ఆలోచించుకున్నాడు.

గుమ్మంలో ఎదురైనవాడు వంశీధర్ కాదు, ఆయన గుమాస్తా జంగయ్య.

"ఏ ఊరు? ఏం కేసు?"

"నేను గద్వాల అడ్వకేట్‌ను."

"మంచిదే. బెంచీ మీద కూసోన్రి, సార్ పిలుస్తడు."

బెంచీ మీద అప్పటికే కొందరున్నారు. తెల్కపల్లి నుంచి వచ్చిన రుక్కమ్మ అనే ఆవిడ కొంచెం జరిగి చోటిచ్చింది. ఆవిడ తన మరుదులతో పంపకాల కేసు నడుపుతోంది. నడుపుతూ నడుపుతూ ఆ బెంచీకి ఇంటి మనిషైపోయింది.

"ఏం కేసు బిడ్డా?"

"హద్దు పంచాయితీ. నేను గూడ వకీల్నే" అన్నాడు చంద్రశేఖర్, ఈ రెండో ముక్క జంగయ్యకు కూడా వినబడేలా.

"వకీలువైతే నీకింకో వకీలెందుకు?"

ఆయన వివరించాడు. నైతిక నియమాలు, సంప్రదాయం, కోర్టు మర్యాద అన్నీ చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, పక్కనున్నాయనతో మెల్లగా, "పాపం, వకాలత్ నడుస్తలేనట్టుంది" అంది.

ఎట్టకేలకు లోపలికి పిలుపొచ్చింది. వంశీధర్ లేచి నమస్కారం పెట్టి, కూర్చోబెట్టి, పెన్ను తీశాడు.

"చెప్పండి సార్. జర టూకీగ."

"ఏం లేదు, చిన్న విషయం. మా తాత ఈ భూమి కొన్నప్పుడు ఆ పక్కంత బీడే ఉండె. అప్పుడు మల్లేశ్ వాళ్ల తాత, మా తాత ఒక్కటే కంచంల తినేటోళ్లు. ఒకపారి ఏమైందంటే..."

"దావా సమన్లు ఎప్పుడు ముట్టినయ్ సార్?"

"దానికే వస్తున్న."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అది తనకు బాగా తెలిసిన మాటేనని చంద్రశేఖర్‌కు తోచింది. 'దానికే వస్తున్న సారూ' అని తన బల్ల ముందు కూర్చుని ఎంతమంది అని ఉంటారు! ఇక చాలించాలనుకున్నాడు. కానీ తాత సంగతి చెప్పకపోతే కేసు అర్థం కాదని గట్టిగా అనిపించింది. చెప్పాడు. పూర్తిగా చెప్పాడు. వంశీధర్ మధ్యలో ఒకసారి గోడ గడియారం చూశాడు. అది కూడా చంద్రశేఖర్ కంటబడింది.

వకాలత్ మీద సంతకం పెట్టి వచ్చిన నాటినుంచి ఆయనకు వంశీధర్‌కు ఫోన్ చేయాలన్న కోరిక పట్టుకుంది. జవాబు దాఖలు చేశాడో లేదో, చేస్తే అందులో తాత సంగతి రాశాడో లేదో తెలియాలి. వంశీధర్ ఎత్తితే ఎత్తేవాడు, లేకపోతే లేదు. ఒక ఆదివారం ఎత్తాడు.

"కోర్టులో ఉన్న సార్, మళ్ల చేస్త."

వెనక నుంచి కుక్కరు విజిల్ గట్టిగా వినిపించింది. చంద్రశేఖర్ ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. ఆదివారం కోర్టులో పప్పుడికించే వకీలును ఏమనాలో ఆయనకు తెలుసు. కానీ అంటే అది ఇద్దరికీ తగులుతుంది.

వాయిదాకు వెళ్లనవసరం లేదని వంశీధర్ చెప్పినా ప్రతి వాయిదాకూ వెళ్లేవాడు. తన దగ్గరికి అలా వచ్చే క్లయింట్లను 'పని లేదా మీకు' అని విసుక్కునేది ఆయనే. ఒకసారి కోర్టు క్యాంటీనులో రుక్కమ్మ ఆయన మోచేయి పొడిచింది.

"అగో, చూసినవా? నీ వకీలు, అవతలి వకీలమ్మ. ఒక్కటే ప్లేట్ల సమోస తింటుండ్రు."

మల్లేశ్ తరఫు వకీలు మాలతి. ఆవిడ ఏదో అంటోంది, వంశీధర్ పగలబడి నవ్వుతున్నాడు.

"వకీళ్లన్నంక కలిసి తింటరమ్మా. అది మామూలే" అన్నాడు చంద్రశేఖర్.

"ఇగ నీ ఇష్టం. ఈ సారే మా మరుదుల వకీలుతోని చాయ్ తాగినప్పుడు నేను గూడ గట్లనే అనుకున్న" అంది రుక్కమ్మ.

అందులో ఏమీ లేదని చంద్రశేఖర్‌కు తెలుసు. తానూ ముప్పూటలా ప్రత్యర్థి వకీళ్లతోనే తిని తిరిగే మనిషి. అయినా ఆ సమోసా ఆయన గొంతులో అడ్డం పడింది. వనపర్తి దాటేసరికి మల్లేశ్ ఎవరెవరి చేతులు తడిపి ఉంటాడో కూడా ఊహించేసి, కారు పక్కకు ఆపి, శ్రీవాణికి ఫోన్ చేశాడు.

"ఇద్దరు ఒకటే ప్లేట్ల తింటుండ్రమ్మా. నవ్వుకుంట."

"మొన్న మీరు గూడ అవతలి సార్ టిఫిన్ డబ్బ సగం ఖాళీ చేసిన్రు కద సార్? మన క్లయింటు కిటికీల నుంచి చూస్తనే ఉండె."

"అది వేరు."

"ఎట్ల వేరు సార్?"

"పెట్టేయ్, నేను కోర్టులో ఉన్న" అన్నాడు చంద్రశేఖర్. ఒక లారీ హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది.

సాక్ష్యం రోజు వచ్చింది. బోనెక్కే ముందు వంశీధర్ ఆయన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "సార్, మీకు తెల్వంది కాదు. అడిగినదానికే చెప్పాలె. కోపానికి రావద్దు. తెల్వకుంటే తెల్వదనాలె, అంతే."

"నువ్వు పుట్టకముందు నుంచి సాక్షులకు నేను చెప్తున్న ముచ్చట అది" అన్నాడు చంద్రశేఖర్. ఆ మాట నిజమే.

మాలతి మెత్తగా మొదలుపెట్టింది.

"ఈ పొలం మీరే దున్నుతున్నారా?"

"కౌలుకిచ్చాను."

"హద్దురాయి మీరు ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"ఈ ప్రశ్నకూ కేసుకూ సంబంధం లేదు. నేను అభ్యంతరం చెబుతున్నాను" అన్నాడు చంద్రశేఖర్, చేయి పైకెత్తి.

జడ్జిగారు కళ్లద్దాల మీదుగా చూశారు. "చంద్రశేఖర్ గారూ, మీరిప్పుడు సాక్షి. అభ్యంతరాలు మీ వకీలు చెబుతారు."

వంశీధర్ లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. మాలతి ఇంకా మెత్తగా అడిగింది.

"పోనీ, ఈ ఏడు ఆ చేనులో ఏం పంట వేశారు?"

'తెల్వదు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పలుకుబడి గల న్యాయవాది అయినందున చంద్రశేఖర్ దాన్ని మింగేశాడు.

"వేరుశనగ."

"అది పత్తి చేను అంటే మీరు కాదంటారా?"

"ముమ్మాటికీ కాదంటాను. నా పొలం సంగతి నాకు తెలియదా?"

సారు సాక్ష్యం చూద్దామని వచ్చిన కురుమయ్య కోర్టు హాలు వెనక బల్ల మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆయనకు కోర్టు పద్ధతులు తెలియవు, తన పంట మాత్రమే తెలుసు. "పత్తే సారూ! ఎన్నేండ్లసందో పత్తే! పోయినేడు పత్తి లోడు పంపినప్పుడు మీకు ఫోన్ గూడ జేస్తి!"

హాలంతా నవ్వింది. బంట్రోతు 'సైలెన్స్' అని అరవబోయి తానూ నవ్వాడు. జడ్జిగారు తల వంచి ఫైల్లో ఏదో చాలాసేపు వెతికారు. చంద్రశేఖర్ బోను కర్రను గట్టిగా పట్టుకున్నాడు. తన జీవితంలో ఎంతమంది సాక్షులను ఆ కర్ర దగ్గర నిలబెట్టి ఇలాగే చెమటలు పట్టించాడో గుర్తుకొచ్చింది. ఇంత చక్కగా దొరికిపోయిన సాక్షి మాత్రం ఆయనకు ఒక్కడూ తగల్లేదు. వకీలుగా ఆయనకు మాలతి మీద కొంచెం అసూయ కూడా కలిగింది.

బయటికొచ్చాక వంశీధర్ భుజం తట్టి, "పర్వాలేదు సార్, నేను చూసుకుంట కద" అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. ఆ మాట వినేవాడికి ఎంత బోలుగా ఉంటుందో చంద్రశేఖర్‌కు మొదటిసారి తెలిసింది.

అంతలో మల్లేశ్ వచ్చాడు. నవ్వీ నవ్వీ కండ్లు తుడుచుకుంటున్నాడు.

"శేఖరూ, పత్తికి వేరుశనగకు ఫరక్ తెల్వదార నీకు? బడిల నీకే ఎక్కువ మార్కులొస్తుండె."

"నవ్వుకో. గెలిచినవ్ కద" అన్నాడు చంద్రశేఖర్. "గని ఒక్క మాట చెప్పు. జర అంత జాగ కోసం కోర్టుకు ఎక్కాల్నా? ఒక్క ఫోన్ జేస్తే మాట్లాడుకునేటోళ్లం గాదా?"

మల్లేశ్ నవ్వు ఆపేశాడు.

"ఒక్కటా? ఎన్ని జేసిన్నో తెల్వదు. ఎప్పుడు జేసినా కోర్టులో ఉన్న, కోర్టులో ఉన్న అంటివి. ఇగ ఏం జెయ్యాలె? కోర్టుకొస్తేనే దొరుకుతడని ఈడికే వచ్చిన."

 దానికి జవాబు చట్టంలో ఎంత వెతికినా ఉండదని చంద్రశేఖర్‌కు అర్థమైంది. జేబులోంచి తాళం తీసి, "కారుంది. కురుమయ్యను గూడ ఎక్కించుకొని పోదాం పా" అన్నాడు.

ముగ్గురూ ఉప్పునుంతల పోయి చేను గట్టున నిలబడ్డారు. పత్తి నడుమెత్తున, తెల్లగా పగిలి ఉంది. గుడ్డివాడు కూడా తడిమి చెప్పగలడు. హద్దురాయిని ఎవరూ జరపలేదని కురుమయ్య చూపించాడు. కాలువ పూడిక తీసే జేసీబీ తిరుగుతూ తిరుగుతూ రాయిని దొర్లించి పోతే, తర్వాత ఎవరో కూలీ దారికి అడ్డమని దొరికినచోట పాతిపెట్టాడట. ఈ సంగతి చెబుదామని కురుమయ్య కూడా ఫోన్ చేశాడు. అప్పుడు సారు ఎక్కడున్నాడో ఎవరూ అడగలేదు.

సర్వేయరును పిలిచి కొలిపించారు. తగాదా పడ్డ జాగా ఎంతంటే, మంచం వేసుకుంటే కాళ్లు ఇవతలికి వస్తాయి. రాయిని సరైన చోట పాతి, రాజీ కాగితం రాసుకుని కోర్టులో ఇచ్చారు. మాలతి మల్లేశ్‌ను అభినందించింది. వంశీధర్ మాత్రం కొంచెం దిగాలుపడ్డాడు. వాదనలో ఒక మంచి పాయింటు దాచుకున్నాడట, అది వాడకుండానే కేసు అయిపోయింది.

గద్వాలకు వచ్చిన మర్నాడు చంద్రశేఖర్ ఆఫీసులో ప్రకటించాడు.

"శ్రీవాణీ, ఇయ్యాల్టిసంది ప్రతి క్లయింటుకు మనమే ఫోన్ చేద్దాం. వాయిదా పడితే పడ్డదని చెప్దాం."

శ్రీవాణి 'నేను అప్పుడే చెప్పిన' అనలేదు. "సరే సార్" అని మాత్రం అంది. ఆయనకు అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

మొదటి ఫోన్ రాజోలి రామేశ్వరమ్మకు. పొలానికి పోయే బాటను పాలివాళ్లు మూసేశారని కేసు వేసిన మనిషి. చంద్రశేఖర్ తన గొంతును వీలైనంత తియ్యగా చేసుకుని, "రామేశ్వరమ్మా, నేను వకీలును" అన్నాడు.

అవతల గిన్నె కిందపడిన చప్పుడు. "అయ్యో సారూ! కేసు పోయిందా?"

"పోలేదమ్మా. వాయిదా పడ్డది. గదే చెప్దామని."

"వాయిదా పడితే మీరెందుకు ఫోన్ జేస్తరు సారూ?"

"ఊరికెనే."

"ఊరికెనే వకీలు ఫోన్ జేస్తడా? నిజం చెప్పున్రి సారూ, నేను తట్టుకుంట."

ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. మానవపాడు నుంచి ఒక క్లయింటయితే, సారుకు పానం బాగలేదా అని ఆశన్నకు ఫోన్ చేసి ఆరా తీశాడు. ఇంకొకాయన తన కేసులో ఏదో లొసుగు ఉంది కాబట్టే వకీలు ఇంత మర్యాదగా మాట్లాడాడని తేల్చుకుని, ఎదురు వీధిలోని వకీలు దగ్గర ఫైలు చూపించుకోవడానికి వెళ్లాడు. మధ్యాహ్నానికి ఆఫీసు పరువు సగం పోయినంత పనైంది.

మరునాడు పొద్దున్నే రామేశ్వరమ్మ దిగింది. వెంట ఆమె బిడ్డ వర్ష, ఒక మరిది, సద్ది మూట. చెడ్డ వార్త ఏదైనా ముఖాముఖి వింటామని వచ్చారు. చంద్రశేఖర్ ముగ్గురినీ కూర్చోబెట్టి, "ఏం కాలేదమ్మా. మీ కేసు ముచ్చట మీ నోటితోనే ఒకపారి సక్కగ విందామనుకున్న. చెప్పు" అన్నాడు.

ఆవిడ ఆయన్ను నమ్మలేనట్టు చూసింది. తర్వాత కొంగు సర్దుకుని మొదలుపెట్టింది. "మా అత్త కాపురానికొచ్చిన్నాడు సారూ, ఆ బాటల జొన్న బండ్లు పోతుండె..."

జర టూకీగ అనబోయి చంద్రశేఖర్ ఆగాడు. గోడ గడియారం ఎటువైపుందో ఆయనకు బాగా తెలుసు గనక కుర్చీని కొంచెం ఇటు తిప్పుకున్నాడు. అత్త కాపురం అయింది, మామ రెండో ఎద్దుల జత కొన్నాడు, తుంగభద్రకు వరద వచ్చింది, పోయింది, పాలివాళ్లకు కోపం వచ్చింది, పోలేదు. ఆశన్న చాయ్ తెచ్చాడు. మధ్యలో వర్ష తల్లి చెప్పిన ఏడును సరిచేసింది, మరిది వర్షను సరిచేశాడు, ముగ్గురూ కాసేపు వాదులాడుకున్నారు. రామేశ్వరమ్మ ఒకచోట ఏడ్చింది, ఒకచోట నవ్వింది. చంద్రశేఖర్ తల ఊపాడు, ఒకసారి ఆవులింత ఆపుకున్నాడు. బాట కేసుకు పనికొచ్చే ముక్క అందులో ఒక్కటైనా ఉందేమోనని ఆశపడ్డాడు. ఒక్కటీ లేదు.

చెప్పడం అయిపోయాక ఆవిడ బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలి, దండం పెట్టి లేచింది. మెట్లు దిగుతూ ఆశన్నతో అంటున్న మాటలు లోపలికి వినిపించాయి.

"ఆశన్నా, ఇన్నేండ్లకు ఇయ్యాల సారు మస్తుగ వాదించిండు!"

శ్రీవాణి ఫైల్లోకి తల దించేసింది. భుజాలు కదులుతున్నాయి.

"నవ్వుతున్నవా?"

"లేదు సార్."

"నవ్వమ్మా, ఫర్వాలేదు" అన్నాడు చంద్రశేఖర్, చల్లారిన చాయ్ అందుకుంటూ. "నవ్వినంక ఆ మానవపాడాయనకు ఫోన్ కలుపు. కలపంగనే ముందు, సారు పానం మంచిగనే ఉన్నదని చెప్పు."